ఆడిటర్ లెక్కలు కరెక్టే అన్నాడు, కంట్రోల్స్ మాత్రం ఫెయిల్ అన్నాడు - దీన్ని ఎలా చదవాలి?

వాటాదారు72:
అందరికీ నమస్కారం అండి. అమెరికాలో లిస్ట్ అయిన ఒక మధ్యరకం కంపెనీలో నాకు షేర్లు ఉన్నాయి, పేరు ఇక్కడ వద్దు. ఈ ఏడాది వాళ్ల టెన్-కే, అంటే యాన్యువల్ రిపోర్ట్, చదువుతుంటే ఒకచోట ఆగిపోయా. ఆడిటర్ ఒకచోట ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్ అన్ని ముఖ్య విషయాల్లో సరిగ్గానే ఉన్నాయి అని క్లీన్ ఒపీనియన్ ఇచ్చాడు, మళ్లీ ఆయనే ఇంకోచోట ఇంటర్నల్ కంట్రోల్స్, అంటే లెక్కల్లో తప్పులు జరక్కుండా కంపెనీ పెట్టుకునే లోపలి తనిఖీలు, ఎఫెక్టివ్‌గా లేవని అడ్వర్స్, అంటే ప్రతికూల ఒపీనియన్ ఇచ్చాడు. మెటీరియల్ వీక్‌నెస్, అంటే పెద్ద లోపం, అని మూడు రాశారు. జర్నల్ ఎంట్రీ, అంటే లెడ్జర్‌లో నేరుగా రాసే పద్దు, వేసేవాళ్లు, అప్రూవ్ చేసేవాళ్లు వేరువేరుగా లేరని ఒకటి, అకౌంటింగ్ స్టాండర్డ్స్ లోతుగా తెలిసిన స్టాఫ్ సరిపడా లేరని ఒకటి, సిస్టమ్ యాక్సెస్ మీద అదుపు లేదని ఇంకోటి. కంట్రోల్సే లేనప్పుడు లెక్కలు కరెక్ట్ అని ఎలా అన్నాడు? రెండిట్లో ఏదో ఒకటి తప్పు అవ్వాలి కదా? అమ్మాలా ఉంచాలా అని అడగట్లేదు, అసలు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పండి చాలు.

డెబిట్‌క్రెడిట్:
రెండూ నిజమే అయ్యుండొచ్చు అండి, అవి రెండు వేరే ప్రశ్నలకి జవాబులు. మొదటి ఒపీనియన్ ఆ తేదీకి అచ్చయిన అంకెల గురించి. రెండోది, ఆడిటర్ పక్కన లేకపోతే కంపెనీ తన తప్పు తనే టైముకి పట్టుకోగలదా అన్నదాని గురించి.

కంట్రోల్స్ మీద నమ్మకం లేనప్పుడు ఆడిటర్లుగా మేం పని ఆపేయం, ఇంకా ఎక్కువ చేస్తాం. శాంపిల్స్ పెంచుతాం, బ్యాంకులకి మేమే నేరుగా కన్ఫర్మేషన్ లెటర్లు పంపుతాం, సంవత్సరం చివరి పది రోజుల ఇన్‌వాయిస్‌లు, డెలివరీ రుజువులు ఒక్కొక్కటీ తీసి చూస్తాం, తప్పులు దొరికితే రిపోర్ట్ బయటికి వెళ్లేలోపు కంపెనీ చేత సర్దిస్తాం. అందుకే చివరికి అచ్చయిన అంకె సరిగ్గా ఉంటుంది. కానీ దాన్ని సరిచేసింది బయటి మనిషి. వచ్చే క్వార్టర్‌లో రిజల్ట్స్ ఇచ్చేటప్పుడు మేం చేసేది రివ్యూ మాత్రమే, ఫుల్ ఆడిట్ కాదు, అప్పుడు ఎవరు పట్టుకుంటారు?

డెఫినిషన్ కూడా జాగ్రత్తగా చదవండి. ముఖ్యమైన తప్పు ఒకటి సకాలంలో ఆగకుండా, దొరక్కుండా పోయే సహేతుకమైన అవకాశం ఉంటే చాలు, అది మెటీరియల్ వీక్‌నెస్. తప్పు జరిగి ఉండాల్సిన పనే లేదు. ఒక్కటి ఉన్నా సరే మొత్తం కంట్రోల్స్ ఎఫెక్టివ్ కాదనే రాయాలి, "ఈ ఒక్కటి తప్ప మిగతావన్నీ బావున్నాయి" అని మేనేజ్‌మెంట్ రాయడానికి అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఒప్పుకోదు.

ఫైనల్‌అటెంప్ట్:
సర్ ఒక డౌట్, సిగ్నిఫికెంట్ డెఫిషియెన్సీకీ, అంటే దానికంటే ఒక మెట్టు కింది లోపానికీ, మెటీరియల్ వీక్‌నెస్‌కీ గీత ఎక్కడ గీస్తారు? పుస్తకంలో చదివితే రెండూ ఒకేలా అనిపిస్తున్నాయి

డెబిట్‌క్రెడిట్:
రెండు కొలతలు తల్లీ, తప్పు జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంత పెద్దది కావొచ్చు. దొరికిన తప్పు సైజు ఒక్కటే చూడకూడదు, ఆ కన్నంలోంచి ఎంత పెద్దది జారిపోగలదు అన్నది చూడాలి. పదివేల డాలర్ల తప్పు దొరికింది, కానీ అదే కంట్రోల్ కింద ఏడాదికి 50 కోట్ల డాలర్ల రెవెన్యూ వెళ్తోందనుకో, పదివేలే కదా అని వదిలేయలేం.

కొన్ని సూచికలు ఆడిట్ స్టాండర్డ్‌లోనే ఉన్నాయి, అమెరికాలో ఆడిటర్ల మీద నిఘా ఉంచే బోర్డు పీసీఏఓబీ వాళ్ల ఏఎస్ 2201లో. సీనియర్ మేనేజ్‌మెంట్ చేసిన మోసం, అమౌంట్ ఎంత చిన్నదైనా సరే. ఇంతకుముందు ఇచ్చిన లెక్కల్ని రీస్టేట్ చేయాల్సి రావడం, అంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాల్సి రావడం. కంపెనీ కంట్రోల్స్‌కి దొరకని పెద్ద తప్పు ఆడిటర్‌కి దొరకడం. ఆడిట్ కమిటీ నిద్రపోవడం. వీటిలో ఏది కనిపించినా మెటీరియల్ వీక్‌నెస్ అని గట్టిగా అనుమానించాలి.

ఇంకో సంగతి వాటాదారు గారికి కూడా పనికొస్తుంది. సిగ్నిఫికెంట్ డెఫిషియెన్సీలు ఆడిట్ కమిటీకి రాతపూర్వకంగా వెళ్తాయి, పబ్లిక్‌కి చెప్పాలన్న రూల్ లేదు. అంటే మీరు టెన్-కే లో చూసింది అన్నిటికంటే తీవ్రమైనవి మాత్రమే, కింద ఇంకెన్ని ఉన్నాయో మనకి కనపడదు.

నిదానంగా:
నేను కొంచెం వేరేగా చెప్తా. చిన్న కంపెనీల రిపోర్టులు చదివేవాళ్లకి ఇది కొత్త కాదు, "సరిపడా స్టాఫ్ లేరు, పనుల విభజన లేదు" అని ఏళ్ల తరబడి అవే వాక్యాలు కాపీ పేస్ట్ అవుతుంటాయి. అకౌంట్స్‌లో నలుగురే ఉంటే ఎవరు వేస్తారు ఎవరు అప్రూవ్ చేస్తారు? దాని కోసం ఇంకో పది మందిని పెట్టుకుంటే లాభం మొత్తం జీతాలకే పోతుంది. నా వరకు క్యాష్ ఫ్లో, అప్పులు, ప్రమోటర్ ఎలాంటివాడు, ఇవే చూస్తా. ఈ పేరా దాటేస్తా.

పాతలెడ్జర్:
నిదానం గారూ, మీ అనుభవం కాదనను, కానీ క్యాష్ ఫ్లో చూస్తా అన్నారే, ఆ క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఎక్కడి నుంచి వస్తుందండీ? అదే లెడ్జర్‌లోంచి, అదే మనుషులు వేసిన ఎంట్రీల్లోంచి. ఆ పేరా దాటేసి అంకెలు చదవడం అంటే తూకం సరిగ్గా లేదని బోర్డు పెట్టినా తూచిన బరువునే నమ్మడం.

నేను చాలా ఏళ్లు కంట్రోలర్‌గా, అంటే కంపెనీ అకౌంట్స్ విభాగం పెద్దగా, చేశా. వాటాదారు గారు చెప్పిన మూడిట్లో జర్నల్ ఎంట్రీలదే నాకు ఎక్కువ భయం. ఎందుకో చెప్తా. అమ్మకాలు, కొనుగోళ్లు సాధారణంగా సిస్టమ్‌లో ఒక దారిలో వస్తాయి, పర్చేజ్ ఆర్డర్ ఉండాలి, సరుకు అందినట్టు రసీదు ఉండాలి, బిల్లు ఈ రెండిటితో కలవాలి, మూడూ కలవకపోతే పేమెంట్ ఆగుతుంది. ఆ దారిలో అబద్ధం ఆడాలంటే నలుగురు కలవాలి. మాన్యువల్ జర్నల్ ఎంట్రీకి ఈ గొడవేం లేదు. నెలాఖరున ఒక మనిషి కూర్చుని ఖర్చు ఖాతాలోంచి తీసి ఆస్తి ఖాతాలో పెడితే, ఆ ఒక్క లైనుతో లాభం పెరుగుతుంది. వెనక కాగితం లేకపోయినా సిస్టమ్ ఒప్పుకుంటుంది, డెబిట్ క్రెడిట్ సమానంగా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది.

అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. వేరే టెలికాం కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే లైన్ కాస్ట్‌లు మామూలు ఖర్చు, వాటిని తీసి ప్రీపెయిడ్ కెపాసిటీ అని పేరు పెట్టి క్యాపిటల్ ఆస్తుల్లోకి నెట్టారు. ఎంట్రీల వెనక చూపించడానికి డాక్యుమెంట్లు లేవు. పట్టుకుంది బయటి ఆడిటర్ కాదు, సింథియా కూపర్ నడిపిన ఇంటర్నల్ ఆడిట్ టీమ్. 2002 జూన్ 25న కంపెనీ మొదట ఒప్పుకున్నది 380 కోట్ల డాలర్లు, తర్వాత తవ్వితే మొత్తం 1,100 కోట్ల డాలర్ల దాకా తేలింది. జూలై 21న దివాలా పిటిషన్, జూలై 30న సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం మీద సంతకం. మనందరం సాక్స్ అని పిలిచేది దాన్నే. మీరు దాటేస్తా అంటున్న ఆ పేరా ఆ చట్టంలోని 404 సెక్షన్ వల్లే వచ్చింది, ఎంతమంది ఉద్యోగాలు, రిటైర్మెంట్ డబ్బులు పోయాక వచ్చిందో గుర్తుపెట్టుకోండి.

నలుగురే ఉన్నప్పుడు కుదరదు అన్నారు కదా. కుదురుతుందండీ, వేరే రకంగా. ఎంట్రీ వేసే మనిషికి సంబంధం లేని డైరెక్టర్ ఒకరు బ్యాంక్ స్టేట్‌మెంట్ నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకుని చూడొచ్చు, ఒక హద్దు దాటిన మాన్యువల్ ఎంట్రీల లిస్ట్ సిస్టమ్ నుంచి సీఎఫ్ఓకి నేరుగా వెళ్లేలా పెట్టొచ్చు. వీటిని కాంపెన్సేటింగ్ కంట్రోల్స్ అంటారు, వీటికి పది మంది అక్కర్లేదు. చేయాలన్న మనసుండాలి అంతే.

నిదానంగా:
పాయింట్ తీసుకున్నా. కానీ ఎప్పుడూ వరల్డ్‌కామ్ లాంటి పెద్ద మోసాలే చెప్తారు, వంద కంపెనీలకి మెటీరియల్ వీక్‌నెస్ ఉంటే వాటిలో మోసం ఉన్నవి ఎన్నో

సర్వర్‌గది:
మోసం లేకపోయినా నష్టం ఉంటుందండీ, చాలాసార్లు మామూలు పొరపాటే. ఎక్సెల్‌లో ఎవరో ఒక వరస చేర్చారు, కింద టోటల్ ఫార్ములా రేంజ్‌లోకి ఆ వరస రాలేదు, ఆ షీట్ మీదే క్వార్టర్ ప్రొవిజన్, అంటే రాబోయే ఖర్చు కోసం పక్కన పెట్టే మొత్తం, నిలబడి ఉంది. ఇందులో ఎవరూ దొంగలు కారు, అయినా లెక్క తప్పు.

నేను ఐటీ కంట్రోల్స్ టెస్ట్ చేస్తుంటా కాబట్టి మూడో పాయింట్ గురించి చెప్తా, యాక్సెస్. దాన్ని చాలామంది ఐటీ వాళ్ల గొడవలే అని పక్కన పెట్టేస్తారు. మేం చూసేవి మూడు నాలుగు రకాలు. ఉద్యోగం మానేసినవాళ్ల ఐడీలు ఎప్పుడు ఆపారు, హెచ్ఆర్ ఇచ్చిన ఆఖరి తేదీ పక్కన సిస్టమ్‌లో డిసేబుల్ అయిన తేదీ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కోడ్ రాసే డెవలపర్‌కి లైవ్ సిస్టమ్‌లో మార్చే అధికారం ఉందా. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే పెట్టుకుని ఐదుగురు వాడుతున్నారా. వెండర్ బ్యాంక్ ఖాతా నంబర్ మార్చగలిగే మనిషే పేమెంట్ కూడా రిలీజ్ చేయగలడా. ఈ ఆఖరిది దొరికిన రోజు నాకు అన్నం సహించదు, ఎందుకంటే డబ్బు బయటికి పోవడానికి ఇంకేం అడ్డం లేదు.

ఇక్కడ అసలు చిక్కు ఏంటంటే యాక్సెస్ బలహీనంగా ఉంటే దాని మీద ఆధారపడ్డవన్నీ కదులుతాయి. పాతలెడ్జర్ గారు చెప్పిన బిల్లు, రసీదు, ఆర్డర్ కలిపి చూసే కంట్రోల్ ఆటోమేటిక్‌గా సిస్టమే చేస్తుంది కదా, ఆ సెట్టింగ్‌ని ఎవరైనా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయగలిగితే దాన్ని ఎలా నమ్ముతాం? సిస్టమ్ నుంచి వచ్చిన రిపోర్ట్ మీద మేనేజర్ సంతకం పెట్టాడు, ఆ రిపోర్ట్‌లో అన్ని ట్రాన్సాక్షన్లూ వచ్చాయని గ్యారెంటీ ఏంటి? అందుకే రిపోర్ట్ తీసినప్పుడు ఏ తేదీలు, ఏ ఫిల్టర్లు పెట్టారో స్క్రీన్‌షాట్ అడుగుతాం, జనం విసుక్కుంటారు, అయినా అడుగుతాం.

సత్యం కేసు అందరికీ తెలిసిందే కదా. ఎస్ఈసీ ఆరోపణల ప్రకారం అక్కడ 6,000కి పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు పుట్టించారు, ఇన్‌వాయిస్ సిస్టమ్‌లో సూపర్ యూజర్ హక్కు వాడి అవి మిగతా వాళ్లకి కనపడకుండా దాచారు. అంటే బిజినెస్ యూనిట్ మేనేజర్ తన స్క్రీన్ మీద చూస్తే దొంగ బిల్లు కనపడదు, ఫైనాన్స్ లెక్కలో మాత్రం అది రెవెన్యూ. ఒక యాక్సెస్ హక్కు ఏం చేయగలదో చెప్పడానికి దీనికి మించి ఉదాహరణ నాకు తెలీదు.

నిదానంగా:
సత్యం ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది మేడమ్. అక్కడ చేయించింది చైర్మనే. కంచే చేను మేస్తే ఏ కంట్రోల్ ఆపుతుంది? కాగితం మీద ప్రాసెస్‌లు, సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. ఆపగలిగిందా?

డెబిట్‌క్రెడిట్:
ఇది మంచి ప్రశ్న, దాటేయను. పైవాళ్లే కంట్రోల్స్‌ని పక్కకి నెట్టడాన్ని మేనేజ్‌మెంట్ ఓవర్‌రైడ్ అంటాం, ఏ సిస్టమ్‌కైనా ఇది హద్దే, ఆడిట్ రిపోర్ట్‌లోనే ఈ పరిమితి గురించి ఒక పేరా ఉంటుంది. కానీ సత్యంలో ఓవర్‌రైడ్ ఒక్కటే కాదు, దాన్ని పట్టుకోవాల్సిన మామూలు చెక్ కూడా జరగలేదు.

2009 జనవరి 7న రామలింగరాజు ఇచ్చిన లేఖ చూడండి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు అని ఉంటే అందులో 5,040 కోట్లు లేనే లేవు. 2008 సెప్టెంబర్ క్వార్టర్‌లో 649 కోట్ల ఆపరేటింగ్ మార్జిన్ చూపించారు, ఆయన చెప్పిన అసలు అంకె 61 కోట్లు. గుడ్‌విల్ విలువ, వారంటీ ప్రొవిజన్ లాంటివి అంచనాలు, వాటి మీద వాదించుకోవచ్చు. బ్యాంకులో డబ్బు అంచనా కాదు. ఉందా లేదా అని బ్యాంకుని అడిగితే తెలుస్తుంది. 2011 ఏప్రిల్‌లో ఎస్ఈసీ ఇచ్చిన ఉత్తర్వులో ఆడిట్ సంస్థల మీద పెట్టిన ప్రధాన తప్పు ఇదే, బ్యాంక్ కన్ఫర్మేషన్లు పంపడం, తెప్పించుకోవడం తమ చేతిలో ఉంచుకోకుండా కంపెనీ మేనేజ్‌మెంట్‌కే వదిలేశారని. ఎవరి లెక్కని చెక్ చేస్తున్నామో వాళ్ల చేతికే చెక్ చేసే కాగితం ఇస్తే అది చెక్ ఎలా అవుతుంది? చైర్మన్ తలుచుకుంటే ఏదీ ఆగదు అనడం సరికాదు. ఆ ఉత్తరాలు నేరుగా బ్యాంకుకి వెళ్లి నేరుగా ఆడిటర్‌కి వచ్చి ఉంటే చైర్మన్ తలుచుకున్నా ఏం చేయలేడు.

అందుకే కంట్రోల్స్ ఎలా ఉండాలో చెప్పే కోసో ఫ్రేమ్‌వర్క్‌లో, 2013లో మార్చిన వెర్షన్‌లో 17 సూత్రాలుంటాయి, అందులో మొదటి ఐదూ కంట్రోల్ ఎన్విరాన్‌మెంట్ గురించే, విలువలు, బోర్డు స్వతంత్రత, బాధ్యత ఎవరిది, ఇలాంటివి. అవి మెత్తటి విషయాలు అనుకుంటారు కానీ ఓవర్‌రైడ్‌ని ఆపేవి అవే. ఆడిట్ కమిటీ చైర్మన్ సీఎఫ్ఓని పక్కన కూర్చోబెట్టుకోకుండా ఇంటర్నల్ ఆడిట్ హెడ్‌తో విడిగా మాట్లాడతాడా లేదా, దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

పాతలెడ్జర్:
పైవాళ్లదాకా పోనక్కర్లేదు కూడా. 2024 నవంబర్‌లో అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ మేసీస్ చెప్పింది గుర్తుందా? చిన్న పార్శిళ్ల డెలివరీ ఖర్చుల అకౌంటింగ్ చూసే ఒక్క ఉద్యోగి కావాలని తప్పుడు అక్రూవల్ ఎంట్రీలు వేసి దాదాపు మూడేళ్ల పాటు ఖర్చులు దాచాడు. మొదట 13.2 కోట్ల నుంచి 15.4 కోట్ల డాలర్ల మధ్య అన్నారు, డిసెంబర్‌లో విచారణ అయ్యాక సుమారు 15.1 కోట్లు అని తేల్చారు. ఆ కాలంలో మొత్తం డెలివరీ ఖర్చు దాదాపు 436 కోట్ల డాలర్లు కాబట్టి శాతంలో చూస్తే చిన్నదే. క్యాష్‌కి, వెండర్ల పేమెంట్లకి దెబ్బ లేదని కంపెనీ చెప్పింది. అయినా క్వార్టర్ రిజల్ట్స్ పూర్తిగా ఇవ్వడం వాయిదా వేసుకోవాల్సి వచ్చింది.

అక్రూవల్ అనేది బిల్లు ఇంకా రాలేదు కానీ పని అయిపోయింది అని అంచనాతో పెట్టే అప్పు. దాన్ని పట్టుకునే మామూలు పద్ధతి చెప్తా, ఇది ఏ కంపెనీలో అయినా పనికొస్తుంది. పోయిన నెల ఎంత పెట్టాం, ఈ నెలలో నిజంగా ఎంత బిల్లు వచ్చింది, తేడా ఎంత, ఎందుకు. ఇది ఎంట్రీ వేసిన మనిషి కాకుండా ఇంకొకరు ప్రతి నెలా చూడాలి. మూడు నెలలు వరసగా తేడా ఒకవైపే ఉంటే ఆ మనిషిని కూర్చోబెట్టి అడగాలి. ఇంతే. సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు.

కానీ ఈ రివ్యూ జరిగిందని రుజువు కావాలి, అక్కడే చాలామంది దెబ్బతింటారు. "చూశాను, ఓకే" అని మెయిల్ పెడితే చాలదు. ఎంత తేడా దాటితే ప్రశ్నించాలని ముందే రాసుకున్నావా, ఈ నెల ఏ లైన్ ఆ హద్దు దాటింది, ఏం అడిగావు, ఏం జవాబు వచ్చింది, దానికి కాగితం ఏది, ఇవన్నీ ఆడిటర్ అడుగుతాడు. నా టీమ్‌లో వాళ్లు "సర్ నేను నిజంగానే చూశానండీ" అని బాధపడేవాళ్లు. చూశారు, నాకు తెలుసు. కానీ ఏ ఒక్క నెలలోనూ ఒక్క ప్రశ్న కూడా రాని రివ్యూని బయటివాడు నమ్మాలంటే ఎలా నమ్ముతాడు?

ఫైనల్‌అటెంప్ట్:
చాలా థ్యాంక్స్ సర్, ఈ థ్రెడ్ క్లాసులో చెప్పినదానికంటే బాగా ఎక్కుతోంది 🙏 మన దగ్గర కంపెనీస్ యాక్ట్‌లో ఐఎఫ్‌సీ, అంటే ఇంటర్నల్ ఫైనాన్షియల్ కంట్రోల్స్, ఇదేనా? పరీక్షలో రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయని భయం

డెబిట్‌క్రెడిట్:
దగ్గర దగ్గరగా ఉంటుంది కానీ ఒకటి కాదు. 2013 చట్టంలో 134(5)(ఈ) కింద లిస్టెడ్ కంపెనీ డైరెక్టర్లు ఇంటర్నల్ ఫైనాన్షియల్ కంట్రోల్స్ పెట్టాం, అవి పనిచేస్తున్నాయి అని చెప్పాలి, అక్కడ అర్థం విశాలం, వ్యాపారం క్రమంగా నడపడం, ఆస్తుల రక్షణ, మోసాల నివారణ అన్నీ వస్తాయి. 143(3)(ఐ) కింద ఆడిటర్ చెప్పేది ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్‌కి సంబంధించిన కంట్రోల్స్ వరకే, అది అన్‌లిస్టెడ్ కంపెనీలకీ ఉంది, కొన్ని చిన్న ప్రైవేట్ కంపెనీలకి మినహాయింపు. సెబీ లిస్టింగ్ రూల్స్ ఎల్ఓడీఆర్‌లో 17(8) కింద సీఈఓ, సీఎఫ్ఓ సర్టిఫికెట్ వేరే. ఇంకా 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్, అంటే ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో చెప్పే నమోదు, ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు, ఆడిటర్ దాని గురించి 11(జీ) రూల్ కింద రాయాలి. సర్వర్‌గది గారు చెప్పిన సూపర్ యూజర్ సమస్యకి ఇది కొంతవరకు జవాబు. వేరే థ్రెడ్ తెరువు, వివరంగా రాస్తా, ఇక్కడ వాటాదారు గారి ప్రశ్న పక్కకి పోతుంది.

వాటాదారు72:
అయ్యో పర్లేదు అండి, అన్నీ చదువుతున్నా. ఇప్పుడు మళ్లీ ఆ రిపోర్ట్ తీసి చూశా, ఐటమ్ 9ఏ లో రెమిడియేషన్ ప్లాన్, అంటే లోపాలు సరిచేసే ప్లాన్, అని ఉంది. దాని సారాంశం తెలుగులో చెప్తా. కొత్త చీఫ్ అకౌంటింగ్ ఆఫీసర్‌ని తీసుకున్నాం, బయటి కన్సల్టెంట్లని పెట్టుకున్నాం, కొత్త ఈఆర్‌పీ సిస్టమ్‌కి, అంటే లెక్కలు, కొనుగోళ్లు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్‌కి, మారుతున్నాం, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తున్నాం, ఈ చర్యలు పూర్తయి కొంతకాలం పనిచేసి టెస్టింగ్‌లో రుజువయ్యేదాకా వీక్‌నెస్ తొలగినట్టు భావించం అని. పోయినేడాది రిపోర్ట్ కూడా తీశా. అందులోనూ స్టాఫ్ పాయింట్ ఉంది, దాదాపు అవే మాటలు. మిగతా రెండు ఈసారే కొత్తగా వచ్చాయి.

సర్వర్‌గది:
అమ్మో, రెండు కొత్తవి రావడం, పాతది అలాగే ఉండడం, అదే సమయంలో ఈఆర్‌పీ మార్పు... ఇది నాకు నచ్చలేదండీ. పాత సిస్టమ్‌లో యాక్సెస్ శుభ్రం చేయకుండా కొత్తదానికి వెళ్తే చెత్త కూడా దానితో పాటే వెళ్తుంది. పాత యూజర్లందరినీ, వాళ్ల హక్కులన్నిటినీ కొత్తదాంట్లోకి అలాగే ఎక్కించేస్తారు, ఎందుకంటే కొత్త సిస్టమ్ మొదలయ్యే గో లైవ్ రోజు ఎవరి పనీ ఆగకూడదు అని ఒత్తిడి. తాత్కాలికం అని ఇచ్చిన అడ్మిన్ హక్కులు తీసేయడం ఎవరికీ గుర్తుండదు. మైగ్రేషన్‌లో పాత బ్యాలెన్సులు, కొత్త బ్యాలెన్సులు ఖాతా ఖాతా కలిపి చూశారా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. సిస్టమ్ మారిన ఏడాది కంట్రోల్స్ బాగుపడే ముందు ఇంకాస్త కుంటుపడటమే నేను ఎక్కువగా చూశా.

నిదానంగా:
సరే, పోయినేడాది మాటలే ఈ ఏడాదీ ఉన్నాయంటే నేను కూడా దాటేయను. ఏళ్ల తరబడి బయటపెట్టి ఊరుకున్నా చర్య తీసుకుంటారా అసలు?

డెబిట్‌క్రెడిట్:
తీసుకున్నారు. 2019 జనవరి 29న ఎస్ఈసీ నాలుగు కంపెనీల మీద, గ్రూపో సిమెక్, లైఫ్‌వే ఫుడ్స్, డిజిటల్ టర్బైన్, సైట్‌ఆర్‌ఎక్స్, చర్యలు ప్రకటించింది. ఏడు నుంచి పది సంవత్సరాలు వరసగా కంట్రోల్స్ సరిగ్గా లేకపోవడం కారణం. మోసం చేశారని కాదు, వాళ్లు వీక్‌నెస్ ఉందని దాచలేదు కూడా, ప్రతి ఏడూ రిపోర్ట్‌లో రాశారు. రాస్తే సరిపోదు, సరిచేయాలి అన్నదే ఎస్ఈసీ చెప్పింది. జరిమానాలు 35 వేల నుంచి 2 లక్షల డాలర్ల దాకా, పెద్ద మొత్తాలేం కావు, కానీ కాపీ పేస్ట్ చేసుకుంటూ పోతే కుదరదని అందరికీ అర్థమైంది. లెక్కల మీద తగిన కంట్రోల్స్ పెట్టుకోవాలన్న బాధ్యత అమెరికా చట్టంలో 1977 నుంచే ఉంది, సాక్స్ కంటే ముందు నుంచి.

పాతలెడ్జర్:
వాటాదారు గారూ, ఆ రెమిడియేషన్ పేరా గురించి నా మాట. అందులో ఉన్న నాలుగూ డబ్బు ఖర్చుపెట్టి కొనేవి. మనిషిని కొన్నారు, కన్సల్టెంట్‌ని కొన్నారు, సాఫ్ట్‌వేర్ కొన్నారు, ట్రైనింగ్ కొన్నారు. ఫలానా కంట్రోల్ ఇంతకుముందు ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా మార్చాం, ఇది ఫలానా వారి బాధ్యత అని ఒక్క ముక్క లేదు. బాగా పనిచేసే కంపెనీ అయితే "మాన్యువల్ ఎంట్రీ వేసిన యూజర్ ఐడీతోనే అప్రూవ్ చేయడం సిస్టమ్‌లో కుదరకుండా ఆపేశాం, మూడో క్వార్టర్ నుంచి అమల్లో ఉంది" అని రాస్తుంది. ఈ రెండు రకాల వాక్యాలకి మధ్య తేడా చూడటం అలవాటు చేసుకోండి.

అసలు కారణం రాశారా అన్నది కూడా చూడండి. స్టాఫ్ లేరు అన్నది కారణం కాదు, లక్షణం. ఎందుకు లేరు? ఒకేసారి నాలుగు కంపెనీలు కొన్నారా? ఫైనాన్స్ బడ్జెట్ కోసేశారా? సీఎఫ్ఓలు వరసగా మారుతున్నారా? మంచి అకౌంటెంట్లు ఒక చోట నిలబడట్లేదు అంటే సంతకం పెట్టడానికి ఇష్టంలేని ఎంట్రీలు ఏవో ఉన్నాయేమో అని నాకు ముందు అనుమానం వస్తుంది. నేను చూసిన ఒక చోట అదే జరిగింది, కంట్రోలర్ కుర్చీలో ఎవరూ ఏడాది నిలవలేదు, బోర్డు మాత్రం మార్కెట్‌లో మనుషులు దొరకట్లేదు అని మినిట్స్‌లో రాసుకుంటూ పోయింది.

ఫైనల్‌అటెంప్ట్:
ఒక చిన్న ప్రశ్న, కంట్రోల్ సరిచేశాక ఎంతకాలం పనిచేస్తే రెమిడియేట్ అయినట్టు?

డెబిట్‌క్రెడిట్:
ఇన్ని రోజులని చట్టంలో లెక్క లేదు, కంట్రోల్ ఎంత తరచుగా జరుగుతుందో దాన్ని బట్టి. రోజూ పదుల సార్లు జరిగేదైతే కొన్ని వారాల్లోనే 25 శాంపిల్స్ దొరుకుతాయి. క్వార్టర్‌కి ఒకసారి జరిగేదైతే సాధారణంగా రెండు క్వార్టర్లు చూడందే ఒప్పుకోం. అందుకే నాలుగో క్వార్టర్‌లో పెట్టిన క్వార్టర్లీ కంట్రోల్‌తో అదే ఏడాది వీక్‌నెస్ పోయిందని ఎవరైనా అంటే అనుమానించాలి. ఏడాదికి ఒక్కసారే చేసేది, ఇన్‌కమ్ ట్యాక్స్ ప్రొవిజన్, గుడ్‌విల్ ఇంపెయిర్‌మెంట్ లాంటివి, మళ్లీ ఆ సమయం వచ్చేదాకా ఆగాలి.

వాటాదారు72:
అర్థమైంది. ఇన్వెస్టర్ రిలేషన్స్‌కి మెయిల్ రాద్దామనుకుంటున్నా. నేను అనుకున్న ప్రశ్నలు: స్టాఫ్ వీక్‌నెస్‌కి అసలు కారణం ఏంటి, ఖాళీగా ఉన్న పోస్టులు ఎన్ని నిండాయి. జర్నల్ ఎంట్రీ అప్రూవల్ సిస్టమ్‌లో పెట్టారా లేక మెయిల్ మీదే నడుస్తోందా. ఈఆర్‌పీకి మారేముందు యాక్సెస్ రివ్యూ చేశారా. ఇంకేమైనా కలపాలా?

నిదానంగా:
ఆడిట్ కమిటీ ఈ విషయం మీద ఎన్నిసార్లు కూర్చుందో అడగండి. ఎగ్జిక్యూటివ్‌ల బోనస్ రెమిడియేషన్‌తో ముడిపెట్టారా అని కూడా. అది ముడిపడితే పని కదులుతుంది.

సర్వర్‌గది:
ఈఆర్‌పీ ప్రశ్నలో ఇంకో ముక్క కలపండి, గో లైవ్ అయ్యాక తాత్కాలిక అడ్మిన్ హక్కులు ఏ తేదీకి తీసేశారు అని. "రివ్యూ చేశాం" అని ఎవరైనా అంటారు, తేదీ అడిగితేనే నిజం తెలుస్తుంది. పబ్లిక్‌గా చెప్పనిది మీ ఒక్కరికే చెప్పకూడదు కాబట్టి కొన్నిటికి జవాబు రాకపోవచ్చు, అయినా అడగండి, షేర్‌హోల్డర్లు ఇది చదువుతున్నారని వాళ్లకి తెలియాలి.

డెబిట్‌క్రెడిట్:
జవాబు రాకపోయినా మీ చేతిలో ఒకటి ఉంది. వచ్చే టెన్-క్యూ, అంటే క్వార్టర్ రిపోర్ట్, వచ్చినప్పుడు మొదటి భాగంలో ఐటమ్ 4 తెరవండి. ఆ క్వార్టర్‌లో కంట్రోల్స్‌లో ముఖ్యమైన మార్పులేం జరిగాయో అక్కడ రాయాలి, సాక్స్ చట్టం 302 సెక్షన్ కింద సీఈఓ, సీఎఫ్ఓ సంతకాలు కూడా దానికి జతగా ఉంటాయి. ఈఆర్‌పీకి మారుతూ కూడా ఏ మార్పూ లేదు అని ఉంటే అడగాల్సిన విషయమే. ఇంకా ఒకటి, ఈసారి ఆడిటర్ అడ్వర్స్ ఇచ్చాడంటే 404(బీ), అంటే కంట్రోల్స్ మీద ఆడిటర్ కూడా రిపోర్ట్ ఇవ్వాలన్న రూల్, మీ కంపెనీకి వర్తిస్తోందన్నమాట. పబ్లిక్ ఫ్లోట్, అంటే బయటి వాటాదారుల చేతిలోని షేర్ల విలువ, 7.5 కోట్ల డాలర్ల కంటే తక్కువున్న కంపెనీలకీ, ఆదాయం 10 కోట్ల డాలర్లు దాటని చిన్న కంపెనీల్లో చాలావాటికీ, కొత్తగా లిస్ట్ అయినవాటికి కొన్నేళ్లపాటూ ఆ ఆడిటర్ రిపోర్ట్ అక్కర్లేదు. షేర్ ధర బాగా పడిపోయి వచ్చే ఏడాది మీ కంపెనీ ఆ కేటగిరీలోకి జారితే ఆడిటర్ పేజీ మాయమవుతుంది, వీక్‌నెస్ కాదు. టెన్-కే మొదటి పేజీలో ఆ ఆడిటర్ రిపోర్ట్ ఉందా అన్నదానికి ఒక చెక్‌బాక్స్ ఉంటుంది, ముందు అది టిక్ అయిందో లేదో చూసుకుని అప్పుడు లోపలికి వెళ్లండి.

వాటాదారు72:
చూశాను అండి, ఈసారి టిక్ ఉంది. మెయిల్ ఈ రాత్రికే పంపిస్తా, జవాబు వస్తే ఇక్కడే పెడతా, టెన్-క్యూ వచ్చాక ఐటమ్ 4 లో ఏముందో కూడా. అందరికీ ధన్యవాదాలు.

పాతలెడ్జర్:
పెట్టండి. పోయినేడాది పేరా, ఈ ఏడాది పేరా పక్కపక్కన పెట్టి మారిన మాటలకి రంగు వేసి చూపిస్తే ఇంకా మేలు, ఎక్కడ కదలిక ఉందో ఎక్కడ లేదో అందరం చూస్తాం.